జరీనాబాయి పాట విన్నవాళ్లు

ఆ రోజు పొద్దున మల్లికార్జున్ పెట్టుకున్న పని ఒక్కటే, చంద్రకాంత టాకీస్ స్టేజీ తెర దులిపించడం. పసుపు సీజను వచ్చిందంటే నిజామాబాద్ గంజ్ మార్కెట్లో లేచే పొడి అంతా రోడ్డు దాటి ఆ టాకీస్‌లోకే వచ్చి కూర్చుంటుంది. టికెట్ కొనకుండా వచ్చి, ఆట అయిపోయినా లేవని ప్రేక్షకుడు ఆ పొడి ఒక్కటే. మిగతావాళ్లు రావడం మానేసి చాలా కాలమైంది. ఊళ్లో ఎవరికి దారి చెప్పాలన్నా "చంద్రకాంత కాడ దిగు" అంటారు గాని, దిగినవాళ్లు లోపలికి తొంగి చూడరు. పెళ్లిళ్లు, స్కూలు వార్షికోత్సవాలు, గణపతి నవరాత్రుల ఆర్కెస్ట్రాలు పెట్టుకుంటూ మల్లికార్జున్ ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

తాళం తీయబోతూ ఆగిపోయాడు. గోడ మీద ఎర్ర రంగు గీత కనబడింది. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు నిన్న సాయంత్రం గీసిపోయారని పక్క పాన్ డబ్బా అతను చెప్పాడు. ఆ గీత ప్రకారం కొత్త రోడ్డు టికెట్ కిటికీని, బాల్కనీ మెట్లను మింగేసి హాలు నడుమ దాకా వస్తుంది. మల్లికార్జున్ ఆ గీతను వేలితో రుద్ది చూశాడు, పోలేదు. తాత కట్టిన టాకీస్ అది. చిన్నప్పుడు ఆ స్టేజీ మీదే ఆడుకున్నాడు, ఆ స్టేజీ మీదే పెళ్లి చేసుకున్నాడు. అది కూలిపోతే ఇక ఈ ఊళ్లో తనకేం పని ఉంటుందో అతనికి తోచలేదు. తెర సంగతి మరిచిపోయి మెట్ల మీద కూలబడ్డాడు.

బయటపడే దారి ఒక్కటే ఉంది. పాత కట్టడాలను కాపాడటానికి కొత్తగా ఒక కమిటీ వేశారు. 'ఇది చారిత్రకం' అని ఆ కమిటీ రాసిస్తే రోడ్డు పక్కకు ఒంగి పోవాల్సిందే. కమిటీ అధ్యక్షురాలు సుచిత్ర గారు మర్యాదస్తురాలు. తన దగ్గరికి వచ్చిన మల్లికార్జున్‌ను కూర్చోబెట్టి, చెప్పిందంతా విన్నారు.

"మా టాకీస్ ఓపెనింగుకు నాందేడ్ కెల్లి జరీనాబాయి వచ్చి పాడింది మేడం. అరవై ఏండ్ల కింది ముచ్చట. మా తాత పోయేదాక అదే చెప్పిండు."

"మంచి చరిత్రేనండీ. కానీ మీ తాతగారు చెప్పారంటే సరిపోదు. మా నిబంధనల్లో ప్రత్యక్ష సాక్షులు అని ఉంది. ఆ రోజు పాట విన్నవాళ్లు ఇద్దరు ముగ్గురిని చూపించండి, చాలు."

ఇద్దరు ముగ్గురే కదా అనుకుని మల్లికార్జున్ హుషారుగా బయల్దేరాడు. వారం తిరిగినా ఒక్కరు దొరకలేదు. "పొద్దున ఏం దిన్ననో యాదికి లేదు, అరవై ఏండ్ల కింది పాట అడుగుతున్నవా?" అని ఒక ముసలాయన కసురుకున్నాడు. ఇంటికి వచ్చి తల పట్టుకుంటే భార్య రోజా చాయ్ చేతికిచ్చి ఉపాయం చెప్పింది.

"వట్టిగ అడిగితె ఎవరొస్తరు? స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పుతమని చెప్పుండ్రి."

కూతురు హర్షిణి అప్పటికప్పుడు ఫోనులో రాసి పంపేసింది. 'జరీనాబాయి పాట విన్న పెద్దలకు చంద్రకాంత టాకీస్‌లో ఘన సన్మానం.' ఆ ఒక్క వాక్యం రాత్రికి రాత్రి జిల్లా అంతా తిరిగింది.

చలికి కప్పుకునే శాలువా వేరు, సన్మానానికి కప్పే శాలువా వేరు. మొదటిది ఒంటికి వేడి పుట్టిస్తుంది, రెండోది బుర్రకు జ్ఞాపకశక్తి పుట్టిస్తుంది. తెల్లారేసరికి సిరికొండ నుంచి నర్సన్న వచ్చి టాకీస్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై ఏళ్ల పసుపు రైతు.

"ఎడ్లబండి కట్టుకోని అడివిలకెల్లి వచ్చిన బిడ్డా. ఒకటే వాన. జరీనాబాయి పచ్చ చీర కట్టింది. అంత మందిల నన్నే సూసుకుంట పాడింది."

మల్లికార్జున్ ఆనందంతో ఆయన కాళ్లకు మొక్కాడు. మొక్కి లేచేసరికి కోటగిరి నుంచి రత్తయ్య దిగాడు. ఆయన తండ్రి కాలువ కింద భూమి కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ఇక్కడి నీళ్లు తాగి మూడు తరాలైనా ఆ ఇంటి మాటకు ఈ ఊరి యాస అంటలేదు.

"వానేంటండీ? ఆకాశం నిండా చుక్కలు! మేం ముందు వరసలో కూర్చున్నామండీ. ఆవిడ కట్టింది ఎర్ర చీర."

"పచ్చ చీర!"

"ఎర్ర చీరండీ! మీరు వెనకాల నేల మీద కూర్చుంటే మీకేం కనబడుద్ది?"

"నేల మీద కూసున్నోనికే పాట మంచిగ ఇనబడ్తది. కుర్సీల కూసున్నోడు కుర్సీనే సూసుకుంటడు!"

ఇద్దరినీ విడదీసి చెరో చాయ్ ఇప్పించేలోపల ఎడపల్లి నుంచి రెండు ట్రాలీల జనం దిగారు. వాళ్లలో కొందరికి ఇంకా జుట్టు కూడా నెరవలేదు. ఇదేమిటని అడిగితే వాళ్ల పెద్దమనిషి ముందుకు వచ్చాడు.

"కోటగిరోళ్లకు కప్పి మాకు కప్పకుంటె ఎట్ల సేటూ? ఎడపల్లోళ్లకు పాటంటె ఏందో ఎర్కలేదని పదిమంది అనుకోరా?"

ఇంకా అరవై నిండని ఒకాయన మల్లికార్జున్‌ను పక్కకు తీసుకుపోయి మెల్లగా చెప్పాడు. "నేను మా అవ్వ కడుపుల ఉండి విన్న. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె శాలువా నాకే రావాలె గదా?"

మల్లికార్జున్ ఒకరిద్దరిని కాదని చూశాడు. వాళ్లు ఊరికే పోలేదు. "నేను ఇనలేదంటె ఆమె పాడలేదన్నట్టే. గా మాట మేడం కాడ చెప్పమంటవా?" అన్నారు. దాంతో అతను వాళ్ల పేర్లూ రాసుకున్నాడు. పది రోజులు తిరిగేసరికి హాల్లో ఉన్న కుర్చీల కంటే పాట విన్నవాళ్లు ఎక్కువైపోయారు. ముగ్గురు చెబితే సాక్ష్యం అవుతుంది, ఊరంతా చెబితే సుచిత్ర గారు నవ్వి పంపించేస్తారు. పైగా ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన లేదు. అతనికి అన్నం సయించడం మానేసింది.

"అందర్నీ కూసోబెట్టి ఒక మాట మీదికి తెండ్రి," అంది రోజా.

అలా చంద్రకాంత టాకీస్‌లో చరిత్ర మీద పంచాయితీ జరిగింది. పొద్దున మొదలైన వాదన మధ్యాహ్నం దాకా సాగింది. చీర పచ్చది, అంచు ఎర్రది అని తేల్చారు. సగం పాటలు తెలుగువి, సగం ఉర్దువి అనుకున్నారు. వాన దగ్గర మాత్రం నర్సన్న, రత్తయ్య ఇద్దరూ మెట్టు దిగలేదు. చివరికి సిరికొండ వైపు వాన పడిందని, కోటగిరి వైపు పడలేదని తీర్మానించి భోజనాలకు లేచారు.

ఆ సాయంత్రమే నాందేడ్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసి హర్షిణి ఎగిరి గంతేసింది.

"బాపూ! జరీనాబాయికి తబలా వాయించిన దేవిదాస్ గారు ఇంకా ఉన్నరంట! వాళ్ల మనమరాలు మన మెసేజ్ చూసింది. సన్మానం మీటింగుకు ఆయన తప్పకుండ వస్తరంట. ఏదో చెప్పేది ఉందంట."

మల్లికార్జున్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. వందల మంది అబద్ధాల మధ్య ఒక్క నిజమైన మనిషి దొరికాడు. ఇక ఎవరు ఏ రంగు చీర చెప్పినా టాకీస్‌కు ఢోకా లేదు. ఆయన్ను తీసుకురావడానికి కారు పంపాడు, స్టేజీ నడుమ పెద్ద కుర్చీ వేయించాడు, ఎక్కడి నుంచో ఒక తబలా జత కూడా తెప్పించి పక్కన పెట్టాడు.

సభ రోజు హాలు కిటకిటలాడింది. చాలా ఏళ్ల తర్వాత బాల్కనీ నిండింది. సాక్ష్యం వినడానికి వచ్చిన సుచిత్ర గారు ముందు వరసలో కూర్చున్నారు. దేవిదాస్ చేతికర్ర ఊతంతో మైకు దగ్గరికి వచ్చాడు. బక్కపలుచని మనిషి, తెల్ల టోపీ, వణికే గొంతు. అందరికీ దండం పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నేను మాఫీ అడుగుతందుకు వచ్చిన. అప్పుడు నాకు మీసాలు గూడ రాలేదు. బాయితోని మేమందరం నాందేడ్‌ల రైలెక్కినం. గోదారికి పెద్ద వరదొచ్చింది. బ్రిడ్జి దాటనియ్యలే. రెండు దినాలు బాసర స్టేషన్ల కూసున్నం. బాయికి జ్వరమొచ్చింది. వాపస్ పోయినం." ఆయన హాలంతా ఒకసారి చూశాడు. "ఇక్కడ మేము పాడలేదు, వాయించలేదు. ఈ టాకీస్ ఇయ్యాలనే చూస్తున్న. మాకోసం జనం ఎంతసేపు కూసోని పోయిండ్రో అని ఇన్ని ఏండ్లు మనసుల బాధ ఉండె. మరి పాట విన్నోళ్లకు సన్మానమంటె, వాళ్లెవరో చూసి పోదామని వచ్చిన."

టాకీస్ పోయింది, పరువూ పోయింది. మల్లికార్జున్‌కు గోడ మీది తాత ఫోటో వైపు చూడబుద్ధి కాలేదు. పోస్టర్లు అంటించి, ఊరందరినీ పిలిచి, జరీనాబాయి రాలేదని చెప్పలేక తాత ఎంత అవస్థ పడి ఉంటాడో ఇప్పుడు అర్థమైంది. దేవిదాస్ చెప్పింది నిజమని ఒప్పుకుందామని మైకు వైపు నడిచాడు. ఇంకా రెండడుగులు ఉందనగా జనంలోంచి నర్సన్న లేచాడు.

"ఉస్తాద్! వయసు మీద పడ్డది, నువ్వు మర్సిపోయినవ్. నీ తబలా నేను ఇన్న. నడుమ నీకు ఎక్కిళ్లు రాలే?"

దేవిదాస్ బిత్తరపోయాడు. "ఎక్కిళ్లా?"

"ఎక్కిళ్లే! ఎక్కిళ్లు వొచ్చినా తాళం తప్పలే నువ్వు!"

రత్తయ్య కూడా లేచి నిలబడ్డాడు. ఆ ఇద్దరూ ఇన్ని రోజుల్లో తమంతట తాము ఒక్క మాటకూ కలవలేదు.

"నిజమేనండీ! మంచినీళ్లు అందించింది నేనే. ఇత్తడి చెంబుతో."

"అవ్! రత్తయ్యే ఇచ్చిండు. ఈ కండ్లతోని సూసిన!" అన్నాడు నర్సన్న.

దాంతో హాలు హాలంతా లేచింది. ఎడపల్లివాళ్లు ఆ చెంబు మాదే అన్నారు. అవ్వ కడుపులో ఉండి విన్నాయన ఆ ఎక్కిళ్ల చప్పుడు తనకు అక్కడి దాకా వినబడిందన్నాడు. "పెద్దాయనకు పాపం గుర్తు లేదు, కూసోబెట్టుండ్రి, నీళ్లియ్యుండ్రి" అని నలుమూలల నుంచీ జాలి కురిసింది. సుచిత్ర గారు స్టేజీ ఎక్కి ఎంతో గౌరవంగా అడిగారు.

"అయ్యా, మీరు ఆ రోజు ఇక్కడికి రాలేదనడానికి సాక్షులు ఎవరైనా ఉన్నారా?"

"బాసరల నాతోని ఉన్నోళ్లందరు పోయిండ్రు తల్లీ. నేనొక్కణ్ణే మిగిలిన."

ఆమె బాధగా తల ఊపారు. "అదే ఇబ్బందండీ. మా నిబంధనల్లో చూసినవాళ్ల గురించి ఉంది. చూడనివాళ్ల గురించి లేదు."

చంద్రకాంత టాకీస్ చారిత్రక కట్టడమని ఆమె మైకులో ప్రకటించగానే చప్పట్లకు పసుపు పొడి మబ్బులా లేచింది. మల్లికార్జున్ అప్పటికీ మైకుకు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆ రెండడుగులూ వేయలేదు. సిగ్గుపడుతూనే అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

జనం తబలా వాయించమని పట్టుబట్టారు. దేవిదాస్ చేతికర్ర పక్కన పెట్టి, తబలా ముందు కూర్చుని వేళ్లు కదిపాడు. మొదట తడబడ్డాడు. తర్వాత వేళ్లకు వయసు గుర్తు లేకుండా పోయింది. వాదులాడుకునే నోళ్లన్నీ మూతబడ్డాయి. రోజా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ హాల్లో ఆ రోజు నిజంగా జరిగింది ఆ వాయింపు ఒక్కటే.

"మంచిగనే వాయించిండు," అన్నాడు నర్సన్న, శాలువా సర్దుకుంటూ. "కాని గప్పటంత లేదు."

"అప్పటి సంగతి వేరండీ," అని రత్తయ్య ఒప్పుకున్నాడు.

సాయంత్రం దేవిదాస్‌ను నాందేడ్ బండి ఎక్కించడానికి మల్లికార్జున్ స్వయంగా స్టేషనుకు వెళ్లాడు. కారులో పోవడానికి ఆయన ఒప్పుకోలేదు. ఒక్కసారైనా రైల్లో ఆ బ్రిడ్జి దాటాలన్నాడు. దారి పొడుగునా మల్లికార్జున్‌కు ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది. స్టేషన్లో క్షమించమని అడగబోయి, రెండుసార్లు మంచినీళ్లు కొనితెచ్చాడు. బండి కదిలే ముందు దేవిదాస్ కిటికీలోంచి చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క మాట అడుగుత భావూ. అంత మంది అంటున్నరంటె... నాకు నిజంగ ఎక్కిళ్లు వచ్చినయా?"

ఆ ముసలి కళ్లలో భయమూ, ఆశా రెండూ ఉన్నాయి. మల్లికార్జున్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వచ్చినయ్. నీళ్లు తాగంగనే తగ్గినయ్," అన్నాడు.

టాకీస్ ఓపెనింగు నాటికి మల్లికార్జున్ పుట్టడానికి ఇంకా ఏడేళ్లుంది.