పది గంటల బొగ్గుపులుసు

ఆ సోమవారం పొద్దున పద్మనాభం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నేలమాళిగలోని పరీక్ష గదిలో, తొట్టినిండా ఉన్న సముద్రపు నీళ్లలోకి తన సెన్సర్‌ని దింపాలి. తలుపు మూసి ఏడు రోజులు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. నీళ్లలో కరిగిన బొగ్గుపులుసు వాయువు ఎంతుందో అది పావుగంటకోసారి కొలిచి చెబుతుంది. ఏడు రోజులూ అంకె కదలకపోతే నెలాఖరున బయలుదేరే ఓడ దాన్ని అట్లాంటిక్‌లోకి తీసుకుపోతుంది. కదిలితే మూడేళ్ల పని పోతుంది, ఆ పని మీద నిలబడ్డ వీసా కూడా పోతుంది.

అది 2009 నవంబరు. రోడ్ ఐలండ్ తీరంలోని ఆ చిన్న పరిశోధనశాల మీద ఎండ పడి పది రోజులైంది. పరీక్ష గదికైతే కిటికీ కూడా లేదు. ఒక మంచం, ఒక కుర్చీ పట్టేంత చోటు. లోపలి వేడి మారకూడదని తలుపు చుట్టూ రబ్బరు పట్టీ అంటించారు. ఒక బుల్లి పంపు గదిలోని గాలినే బుడగలుగా తొట్టిలోకి ఊదుతూ ఉంటుంది. అక్కడ సెల్‌ఫోన్ పలకదు కాబట్టి పద్మనాభం గోడకున్న ఫోన్ నంబరు మీనాకిచ్చాడు.

మీనా అతని భార్య. న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో ఉంటూ అక్కడికి దగ్గర్లో ప్రోగ్రామర్‌గా పనిచేస్తోంది. రెండేళ్లుగా వాళ్ల కాపురం రోజూ పొద్దున పది గంటలకు, ఆవిడ టీ తాగే వేళ, ఫోన్‌లో జరుగుతోంది. విషయం ఒక్కటే. అతను ఆ సముద్రాన్ని వదిలేసి న్యూజెర్సీ వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఎప్పుడు నేర్చుకుంటాడన్నది.

ఆ సోమవారం కూడా పదింటికి ఫోన్ మోగింది. అతను తలుపు వేసుకుని తొట్టి పక్కనే కుర్చీలో కూర్చుని నలభై నిమిషాలు ఊఁ కొట్టాడు, మధ్యలో రెండు మూడుసార్లు గొంతు పెంచాడు. మధ్యాహ్నం కంప్యూటర్‌లో ఆ అంకెల గీత చూస్తే పదింటి దాకా బల్లపరుపుగా ఉన్నది ఒక్కసారిగా కొండెక్కి, సాయంత్రానికి మెల్లగా దిగివచ్చింది. ఏదో బుడగ అడ్డుపడి ఉంటుందనుకున్నాడు. మంగళవారమూ పదింటికే కొండ లేచింది. రాత్రంతా పడివున్న అంకె సరిగ్గా తన కళ్లముందే ఎందుకు పెరుగుతోందో తెలియక, బుధవారం సెన్సర్ మూతి మీదుండే పలచటి పొర మార్చాడు. గురువారం పంపు మార్చాడు. మార్చినప్పుడల్లా ఏడు రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది. ఆ దిగులు గొంతులో వినపడి మీనా ఇంకాసేపు మాట్లాడేది. మరునాటి కొండ ఇంకా ఎత్తుగా ఉండేది.

ప్రయోగశాల అధిపతి హెండ్రిక్స్ నెమ్మదైన పెద్దమనిషి. పొద్దున పదింటికే వస్తోందంటే ఇది కరెంటు తేడా అని ఆయన తేల్చాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఏ తీగ ఎటు పోతోందో చూడ్డానికి ఆ వైపు సరఫరా అంతా గంటన్నర ఆపేశాడు. వెళ్తూ వెళ్తూ ఒక మీట వెయ్యడం మరిచాడు. శని, ఆదివారాలు గడిచి సోమవారం వచ్చేసరికి, పై అంతస్తులో ఒక ప్రొఫెసరు రెండు చలికాలాలుగా ఫ్రీజర్లో దాచుకున్న ఆల్చిప్పలు కుళ్లిపోయాయి. ఆ కంపు వారమంతా భవనంలో నిలిచిపోయింది. మెట్ల మీద ఎదురైనప్పుడు ఆ ప్రొఫెసరు పద్మనాభంతో మాట్లాడడం మానేశాడు.

కరెంటు కాదని తేలాక, నీళ్లలోనే ఏదో పురుగు పుట్టి ఊపిరి పీలుస్తోందన్న అనుమానం వచ్చింది. తొట్టి ఖాళీ చేసి, బ్లీచింగ్ పెట్టి తోమి, కొత్త నీళ్లు తెప్పించారు. అదే తొట్టిలో తోటి పరిశోధకురాలు గీతాంజలి పెట్టిన సెన్సర్ కూడా ఉంది. ఆవిడ నైట్రేటు కొలుస్తుంది. ఆమె పరీక్ష ఆరో రోజున ఉండగా ఈ కడుగుడుతో అదీ పోయింది. ఆవిడ రెండు రోజులు అతనికి టీ తేవడం మానేసింది.

చివరికి శుక్రవారం పదింటికి అందరూ కళ్లారా చూద్దామన్నాడు హెండ్రిక్స్. ఆయన, గీతాంజలి, పద్మనాభం, ఇంకో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ గదిలో భుజాలు రాసుకుంటూ నిలబడి తలుపు వేసుకున్నారు. అంకె ముందెన్నడూ చూడనంత పైకి పోయింది. ఎంత సేపు నిలబడి చూస్తే అంత పెరిగింది. నడిమధ్యన ఫోన్ మోగింది.

"మీటింగ్‌లో ఉన్నా. పెట్టెయ్," అన్నాడు పద్మనాభం.

రెండేళ్లలో అంత చిన్న సంభాషణ వాళ్ల మధ్య జరగలేదు. ఆ సెన్సర్‌ని నమ్మలేమని హెండ్రిక్స్ మధ్యాహ్నమే విచారంగా చెప్పాడు. ఓడ మీదికి వేరే పరికరం చూస్తామన్నాడు. మీనా ఆ సాయంత్రం ఫోన్ ఎత్తలేదు.

శనివారం వర్షంలో నాలుగున్నర గంటలు డ్రైవ్ చేసుకుని పద్మనాభం ఐసెలిన్ చేరాడు. తడిసిన కోటు విప్పకుండానే, సెన్సర్ పోయింది, ఇక టెస్టింగ్ క్లాసులో చేరతానని చెప్పేశాడు. మీనా సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె సరేనని అన్నం వడ్డించింది. ఆదివారం అతను సోఫాలో కూర్చుని వాన చూశాడు. సోమవారం, మంగళవారం కూడా అదే పని చేశాడు.

బుధవారం సాయంత్రం గీతాంజలి ఫోన్ చేసింది. తన నైట్రేటు పరీక్ష కోసం తొట్టిని అలాగే ఉంచానని, అతని సెన్సర్‌ని ఆపడం ఎవరికీ తోచలేదని చెప్పింది.

"మీరు వెళ్లినప్పట్నుంచీ గీత స్కేలు పెట్టి గీసినట్టుంది, పద్మనాభం గారూ. ఇవాళ నేను లోపలికెళ్లి తలుపేసుకుని అరగంట ఊరికే కూర్చున్నా. పెరిగింది. దానికే రోగమూ లేదండీ. మన ఊపిరిని కొలుస్తోంది."

మనిషి వదిలే గాలిలో బొగ్గుపులుసు ఉంటుందని ఆరో తరగతిలో చదివిన సంగతి, ఆ గదిలో కిక్కిరిసి నిలబడ్డ ఐదుగురు డాక్టరేట్లలో ఒక్కరికీ గుర్తు రాలేదు. పద్మనాభం ఫోన్ పెట్టేశాడు.

"ఏమైంది నీ మిషన్‌కి?" అంది మీనా.

"బాగానే ఉంది. నేను లేకపోతే."

అప్పుడు మొత్తం చెప్పాడు. పది గంటల ఫోన్లు, కొండలు, ఆల్చిప్పలు, అన్నీ. ఆమె శ్రద్ధగా విని అడిగింది.

"మరి అందులో నా ఊపిరెంత?"

"నువ్వు ఫోన్‌లో కదా ఉన్నావు. అంతా నాదే."

"ఇన్నాళ్లూ నేనే మాట్లాడతానని, నీకు నోరు తెరిచే సందే ఇవ్వనని కదా అన్నావు."

నోరు మూసుకుని వింటున్నవాడు కూడా ఊపిరి వదులుతాడని అతనికి తెలుసు. శాస్త్రం తెలిసినవాడిగా ఆ మాట చెప్పాల్సింది. చెప్పలేదు, ఎందుకంటే మీనా నవ్వుతోంది. ఆమె నవ్వుతుంటే ఎదురుగా కూర్చుని చూసి ఎన్నాళ్లయిందో అతను లెక్క వేయబోయి మానుకున్నాడు. కాసేపటికి ఆమె నవ్వు ఆపి, కళ్లు తుడుచుకుంది.

"ఆ క్లాసులో చేరొద్దులే," అంది. "చేరతానన్నప్పట్నుంచీ నీ మొహం చూళ్లేకపోతున్నా. నేనే అటు ఏదైనా ఉద్యోగం వెతుక్కుంటా."

గురువారం నుంచి ఆ గది తలుపు ఎవరూ తెరవలేదు; మరుసటి బుధవారంతో ఏడు రోజులు నిండాయి, అంకె కదల్లేదు. సెన్సర్‌ని ఓడ ఎక్కిస్తున్నామని హెండ్రిక్స్ మెయిల్ పంపాడు. అభినందనలు చెప్పి, ఓడ కదిలేదాకా దయచేసి న్యూజెర్సీలోనే ఉండమని రాశాడు.

తర్వాత అచ్చయిన నివేదికలో, పరికరం ఏ లోపమూ లేకుండా పనిచేసిన రోజుల పట్టిక ఒకటి ఇచ్చారు. దాని కింద బాధ్యుడైన ఇంజనీరు పద్మనాభం అని, ఆ పక్కనే సెలవులో అని ఉంది.