క్యూలో నడిచిన ఎడమ చెప్పు

నిప్పు తర్వాత మానవజాతి కనిపెట్టిన రెండో గొప్ప సంగతి, క్యూలో చెప్పు వదిలి టీకి వెళ్ళడం. (మూడోది టీ.) విశాఖ వన్‌టౌన్‌లోని పౌర సౌకర్య కేంద్రం ఈ ఆచారాన్ని గౌరవిస్తూనే ఒక నిబంధన పెట్టింది: క్యూ కదిలినప్పుడు కదలని చెప్పు తన హక్కు కోల్పోతుంది. రాసింది క్యూ క్రమబద్ధీకరణ అధికారి దొరబాబు. (ఆయన కుర్చీలోంచి కదిలినట్టు దాఖలాలు లేవు.)

మిక్సీలు, రేడియోలు బాగుచేసే కరీంకి ఆ శనివారం ఒకే పూట రెండు చోట్ల ఉండాల్సి వచ్చింది. భార్య నూరున్నీసాకి సోమవారం కంటి ఆపరేషన్. సాయంత్రంలోగా ఈ కేంద్రంలో ఆమె పేరు కుటుంబ ఆరోగ్య కార్డులోకి ఎక్కకపోతే ఆపరేషన్ లేదు. ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షలకేమో అదే పూట ఆమెని చెయ్యి పట్టుకుని ఆసుపత్రంతా తిప్పాలి. క్యూలో నిలబడ్డవాడికి ముందువాడి వీపు తప్ప భవిష్యత్తు ఉండదని కరీం ఎప్పుడో గ్రహించాడు. వీపు చూడటానికి మనిషి దేనికి? కారు రివర్స్ సెన్సర్ చాలు.

తన ఎడమ చెప్పు కింద బొమ్మకారు చక్రాలు, మోటారు బిగించి, ముందు సెన్సర్ అతికించాడు. ముందున్న మడమ జానెడు జరిగితే చెప్పూ జానెడు జరుగుతుంది. కాగితాలు దాని మీద రబ్బరు బ్యాండుతో కట్టాడు.

"మనిషి బదులు చెప్పుని పంపుతారా జీ?" అంది నూరున్నీసా.

"దానికి నాకంటే ఓపికెక్కువ. ఇంట్లో అరవదు కూడా."

"అయితే దాన్నే ఉంచుకుని మిమ్మల్ని పంపేస్తాను."

కరీం చెప్పుని క్యూలో పెట్టి, వెనకనున్న చేపల మంగాయమ్మకి ఫోన్ నంబరిచ్చి, ఒంటిచెప్పుతో ఆసుపత్రికి వెళ్ళాడు.

పదకొండింటికి ఫోన్.

"భాయ్, నీ సెప్పు నడిసిపోతంది! మద్దిలో దూరినోడి మడమ మీద గుద్దీసింది. నా వల్లే అవదు అలాగ!"

కరీంకి ఛాతీ ఉప్పొంగింది. తనలో ఇంతకాలం ఎవరూ మెచ్చని భాగమేదో బయటికెళ్ళి క్యూలో నిలబడిందనిపించింది. (ఆ భాగానికి చక్రాలుండటం కొంచెం చిన్నతనం.)

పన్నెండుకి మళ్ళీ ఫోన్.

"దొరబాబు గారు లేసొచ్చి దండమెట్టీసినారు భాయ్! దీన్ని సూసి నేర్సుకోండని మమ్మల్ని తిట్టీసినారు. ఇప్పుడు సెప్పులన్నిటికీ టోకెన్లిచ్చేత్తన్నారు. మనుసులు పక్కకి జరగాలట."

పరీక్షలు ముగించి కరీం పరుగున వచ్చేసరికి మూడున్నర. చెప్పు అప్పుడే కౌంటరు దాటింది. వచ్చినవారి ఫొటో, వేలిముద్ర లేనిదే కంప్యూటర్ ముందుకి పోదు కనక, చెప్పుకి ఫొటో తీశారు. మంగాయమ్మ బొటనవేలిని మూడేళ్ళుగా తిరస్కరిస్తున్న యంత్రం, చెప్పు అడుగుని మొదటిసారికే ఒప్పుకుంది. కార్డులో ఎక్కిన పేరు: ఎడమ చెప్పు. ఇంటిపెద్దతో సంబంధం: ఆధారపడిన వ్యక్తి.

"బాబూ, అది చెప్పు! ఎక్కించాల్సింది మా బేగం పేరు. కాగితాల్లో రాశాను కదా!"

"కాయితాలెవరు సూత్తారు భాయ్? వచ్చినోళ్ళనే ఎక్కిత్తాం," అన్నాడు దొరబాబు, కార్డు అందిస్తూ. "సిస్టం ఒప్పీసుకుంది. నాను కాదంటే తప్పయిపోద్ది."

"అయితే తీసెయ్యండి."

"తీయాలంటే అది ఒప్పుకోవాల."

"సెప్పు ఏటి ఒప్పుకుంటాది బాబూ?" అంది మంగాయమ్మ.

"ఇందాక వేలిముద్ర ఏసింది కదమ్మా, అలాగే."

"పోనీ, మా బేగం పేరు కూడా చేర్చండి," అన్నాడు కరీం.

"రోజుకి కుటుంబానికొక్కరే. ఆదారం, సోమారం సెలవు. మళ్ళీ మంగళారం రండి. మీరు రాకపోయినా పర్లేదు, దాన్ని పంపించండి."

సోమవారం ఉదయం ఆసుపత్రిలో నర్సు ఆరోగ్య కార్డుల జాబితా చూసి, "ఎడమ చెప్పు!" అని పిలిచింది.

"నన్నేనా జీ?" అంది నూరున్నీసా, గొంతు వినిపించిన వైపు మొహం తిప్పి.

ఆపరేషన్ గదిలోకి చెప్పులు తేకూడదని బోర్డు ఉన్నందున, రోగి రాలేదని రాసుకుని, తర్వాతి పేరు పిలిచారు.