నగరి పొగ మహిమ

డీజిల్ పొగను తిట్టేవాళ్లు నగరికి వచ్చి ఒక్క పూట ఉండాలి! అది లేకపోతే ఆ ఊరు ఏమైపోయేదో అప్పుడు తెలుస్తుంది.

మద్రాసు బస్సులు పోయే వీధిలో గడియారంతో పనేముంది? నల్ల పొగ వస్తే పుత్తూరు బస్సు, నీలం పొగ వస్తే తిరుత్తణి బస్సు. ఏ పొగా రాలేదంటే ఆ పూట బస్సు చెడిపోయిందని అర్థం. దోమలు ఎప్పుడో ఊరు వదిలి కార్వేటినగరం దారి పట్టాయి. కరెంటు పోయినప్పుడు దొరస్వామి తన పవర్‌లూమ్ షెడ్డులో డీజిల్ ఇంజను వేస్తాడు. మిద్దెల మీద ఆరబెట్టిన వడియాలకు మిరియాలపొడి చల్లే శ్రమ కూడా ఆడవాళ్లకు తప్పుతుంది. ఇంతటి సౌకర్యం ఏ పట్నంలో ఉంది చెప్పండి?

అయినా నేతపని చేసే ధనంజయకు తృప్తి లేదు. పొద్దున్నే వీధి పొడవునా పడుగు నూలు సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం అతని తాతల నాటి పద్ధతి. ఇంట్లో అయ్యే పని కాదది. పడుగంత పొడుగు ఇల్లు ఏ నేతగాడికుంది? తడి గంజి మీద మసి వచ్చి వాలేది. పెళ్లి పంచెలకని వేసిన తెల్ల పడుగు మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరిగేది. అద్దకం పని లేకుండా ఊరికే రంగు వస్తుంటే సంతోషించక, షావుకారు తీసుకోడని అతను దిగులు పడేవాడు. మూడేళ్ల కూతురు పంకజాక్షి రాత్రింబగళ్లు దగ్గడం కూడా పొగవల్లేనని అతని భార్య మునిలక్ష్మి గొడవ. పొయ్యి ముందు పుట్టి పెరిగినవాళ్లు పొగకు పేర్లు పెట్టడమేమిటో!

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందా? లేదు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు రాష్ట్రాల అధికారులూ కలిసి, కమిటీ వేసుకుని, ప్రాంతీయ వ్యూహం పన్నారు. ముందు దొరస్వామి చేత ఇంజను గొట్టం ఎత్తు పెంచించారు. పొగ తిరుత్తణి వైపు సాగిపోయింది. సాయంత్రం గాలి మారగానే అటువాళ్లు దాన్ని మర్యాదగా తిప్పి పంపారు.

తర్వాత బస్సుల్ని పరీక్షించడానికి ఊరి బయట వాలు రోడ్డు పక్కన, నీడ బాగుందని, ఒక మనిషిని కూర్చోబెట్టారు. డ్రైవర్లు అక్కడికి రాగానే ఇంజను ఆపేసి బండిని దొర్లించుకుంటూ వచ్చేవాళ్లు. పొగ లేదని సర్టిఫికెట్ పుచ్చుకుని, వాలు అయిపోయిన చోట, అంటే ధనంజయ ఇంటిముందు, మళ్లీ స్టార్ట్ చేసేవాళ్లు. అక్కడ వచ్చేది చట్టప్రకారం పొగ కాదు!

చివరికి కమిటీయే స్వయంగా నగరికి వచ్చింది. ధనంజయకు ప్రాణం లేచొచ్చింది. కళ్లారా చూస్తే కరుణించకపోతారా అని, కొత్త తెల్ల పడుగు తెచ్చి వీధిలో సాచాడు. సగానికి చీర కప్పి, సగం వదిలేశాడు. చేతికొచ్చిన నూలును చేతులారా పాడుచేసుకోవడానికి గుండె పీకుతున్నా ఊరుకున్నాడు. బస్సులు పోయాక చీర తీశాడు. ఒక సగం మల్లెపూవు, ఒక సగం పొయ్యిగడ్డ.

కమిటీ పెద్ద జయరావు గారు వంగి, కళ్లజోడు సవరించుకుని, చాలాసేపు చూశారు.

"పొగ ఊరంతా ఉంది. మసి మాత్రం ఈ నూలు మీదే కనపడుతోంది. లోపం ఎక్కడుందో తెలిసింది కదా?" అన్నారు.

అంతే! వీధుల్లో పడుగులు సాచడం ఆ రోజు నుంచి నిషేధం. ఇక నగరిలో మసి అంటూ ఎవరికీ కనపడదు. ఇంత తేలిక మార్గం ఇన్నాళ్లూ ఎవరికీ తోచనందుకు కమిటీవాళ్లే ఆశ్చర్యపోయారు.  ధనంజయ కుంచె పక్కన పెట్టి, పడుగు చుట్టడం మొదలుపెట్టాడు.

మునిలక్ష్మి కూతురి చెయ్యి పట్టుకుని కమిటీ జీపు దగ్గరికి వచ్చింది.

"నూలంటే ఇంట్లోకి తీసేస్తాము సార్. ఈ బిడ్డిని యాడ పెట్టుకునేదో సెప్పండి" అంది.

జయరావు గారు గంభీరంగా తల పంకించి జీపెక్కారు. అద్దాలు మూసుకున్నారు. ఆమె అడిగినదానికి జవాబు జీపు వెనక గొట్టంలోంచి వచ్చింది. పెద్దవాళ్లకు నడుము దాకా వచ్చే పొగ అది, ముక్కుకు తగలదు. మూడేళ్ల పిల్లల ముక్కు మాత్రం సరిగ్గా అక్కడే ఉంటుంది.