ఖాళీ గది చూపించాల్సిన రోజు

ఆ రోజు పొద్దున్నే డాక్టరమ్మ తలస్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని, అద్దం ముందు నిలబడి ఒకే ఒక్క మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. "చూడండి సార్, ఒక్కరంటే ఒక్కరు లేరు!" మొదటిసారి మరీ సంబరంగా వచ్చింది. రెండోసారి మరీ ఏడుపుగా వచ్చింది. మూడోసారి, చదువుకున్న మనిషి బాధపడుతూ చెప్పినట్టు, సరిగ్గా కుదిరింది.

ఆవిడ నిజానికి ఇంకా డాక్టరు కాదు. యూనివర్సిటీలో డాక్టరేటు చేస్తోంది. వీధివాళ్ళు మాత్రం ఆ పట్టా వచ్చేదాకా ఆగలేక ముందే డాక్టరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. కొందరు మోకాళ్ళు కూడా చూపించారు. ఆమె పరిశోధన మోకాళ్ళ మీద కాదు. వీధి చివర ఆరోగ్య కేంద్రంలో బీపీ ఊరికే చూస్తామని బోర్డు పెట్టినా జనం ఎందుకు రారు, అన్నదే ఆమె ప్రశ్న. రెండేళ్ళుగా గడప గడపకూ తిరిగి అడుగుతోంది. జనం ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి బోలెడు కారణాలు చెప్పారు గానీ కేంద్రం గుమ్మం మాత్రం తొక్కలేదు.

చిక్కల్లా ఆమె గైడు ప్రొఫెసరు గారితో వచ్చింది. ఆయన ఆ విషయాన్నే నమ్మలేదు. "ఊరికే ఇస్తే జనం రాకపోవడం ఎక్కడైనా ఉందా అమ్మా? నా కళ్ళతో నేను చూడాలి. లేదంటే సబ్జెక్టు మార్చేసుకో" అని తేల్చేశారు. మార్చడమంటే రెండేళ్ళ పనీ నీళ్ళపాలే. అందుకని ఆయన్నే స్వయంగా రమ్మంది. పదకొండు గంటలకు వస్తానన్నారు.

బయల్దేరేముందు నర్సుకు ఫోన్ చేసింది. "ఈరోజు గది ఖాళీగానే ఉంటుంది కదండీ?"

"అదేం ప్రశ్నమ్మా? నేను వచ్చిన దగ్గర్నుంచీ ఈ గదిలో నేనూ ఫ్యానూ తప్ప ఎవరున్నారు? నిశ్చింతగా తీసుకురండి."

ఆ తర్వాత ప్రొఫెసరు గారికి చేసింది. "రారు సార్. ఒక్కరు కూడా రారు. మీరు వచ్చి చూస్తే మీకే తెలుస్తుంది."

వంటింట్లో కుక్కరు కూత పెడుతోంది. ఆ కూతల సందున అత్తగారి చెవిన పడింది ఇంతే: పెద్దాయనెవరో వస్తున్నాడు, ఒక్కరూ రావడం లేదు. పాపం, పిల్ల గొంతు కూడా వణికినట్టనిపించింది. ఆవిడ మనసు ఒక్కసారిగా కరిగిపోయింది. ఆ వెంటనే రోషం పొంగుకొచ్చింది. ఇంత వీధి పెట్టుకుని, తన కోడలు పిలిస్తే ఒక్కరూ రాకపోవడమా! స్టవ్వు ఆపేసి, కొంగు బొడ్లో దోపి, చెప్పులేసుకుని బయటపడింది.

మొదటి గుమ్మం టైలరుది. "ఒరేయ్ నాయనా, ఓసారి కేంద్రానికెళ్ళి బీపీ చూపించుకురా."

"నాకెందుకు పిన్నిగారూ? నేను శుభ్రంగా ఉన్నాను. చేతినిండా జాకెట్లు" అన్నాడతను మిషను ఆపకుండానే.

రెండో గుమ్మంలోనూ అదే జవాబు. మూడో గుమ్మంలో తలుపే తీయలేదు. అత్తగారికి ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగి టైలరు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "పోనీలే, నువ్వు రాకపోవడమే మంచిది. పెద్ద ప్రొఫెసరు వస్తున్నాడు. అందరికీ చూడరట. ఎంచుకున్నవాళ్ళకేనట. నీకు ఉందో లేదో నాకేం తెలుసు" అనేసి వెళ్ళిపోయింది.

మిషను ఆగింది.

డాక్టరమ్మ కేంద్రం మలుపు తిరిగేసరికి గుమ్మంలో జనం కనిపించారు. ముందు కళ్ళు నులుముకుంది. తర్వాత బోర్డు చూసింది, తప్పు వీధికి వచ్చానేమోనని. బోర్డు సరైనదే. దాని కింద అత్తగారు, ప్రొఫెసరు వచ్చేదాకా ఎవర్నీ లోపలికి పోనివ్వకుండా, చేతులూపుతూ వరస సరిచేస్తోంది.

"అత్తయ్యా! ఏంటిది?"

"వచ్చావా! చూడు, ఎంతమందిని పోగేశానో. పొద్దున నువ్వు ఫోన్లో ఒక్కరూ రావడంలేదని బాధపడుతుంటే నా ప్రాణం ఉసూరుమంది."

"బాధ కాదత్తయ్యా, అది నా సంతోషం!"

"జనం రాకపోతే సంతోషమేంటే?"

"రారనే కదా నేను రాస్తున్నది! రాకపోవడమే నా చదువు! ఆయనకి ఖాళీ గది చూపించాలి!"

అత్తగారు కోడలి మొహంలోకి పరీక్షగా చూసింది. "ఇలాంటి చదువులు కూడా ఉంటాయా?" అని నోరు నొక్కుకుంది. అయినా మనసున్న మనిషి. తాను చేసిన పొరపాటు తానే దిద్దుతానని గిరుక్కున జనం వైపు తిరిగి, "ఇంక చాలు, అందరూ ఇళ్ళకెళ్ళండి. లోపల ఏమీ లేదు!" అని కేకేసింది.

అదే కొంప ముంచింది.

"పిలిచిందీ మీరే, పొమ్మనేదీ మీరేనా పిన్నిగారూ?" అన్నాడు టైలరు అనుమానంగా. "అంటే మీవాళ్ళకి అట్టేపెట్టుకున్నారన్నమాట."

"ఏం అట్టేపెట్టుకుంటాం? అది బీపీ అండీ!" అంది డాక్టరమ్మ. "ఈరోజు ఎవరికీ చూడరు."

"చూడకపోతే మరి ఆవిడెందుకు కూర్చుంది?"

అందరూ లోపలికి తొంగిచూశారు. నర్సు బల్లమీద పరికరం తుడిచి పెట్టుకుని, తల దువ్వుకుని, మొహమంతా నవ్వు చేసుకుని చెయ్యి ఊపింది. టైలరు, చూశారా అన్నట్టు తల పంకించాడు. ఫోన్ తీసి, "బావా, ఉన్నపళంగా రా. ఏదో ఇస్తున్నారు, మనకి దక్కనివ్వడం లేదు" అన్నాడు. పక్కనున్న నలుగురూ అది విని తలా ఒక బావకు ఫోన్ చేశారు.

ఇక చూడాలి ఆ వీధి! సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు, చంకలో పిల్లల్ని వేసుకుని వచ్చేవాళ్ళు, సగం గడ్డం గీసుకుని సబ్బు నురగతో వచ్చినాయన. ఏం ఇస్తున్నారని ఎవరూ అడగలేదు. నా వంతు ఎప్పుడని మాత్రమే అడిగారు. మూల ఇంట్లో ఉండే వకీలు గారు నల్లకోటు తొడుక్కుంటూ వచ్చి డాక్టరమ్మను నిలదీశారు. "ఏ సెక్షను కింద వీళ్ళని వెనక్కి పంపుతున్నావమ్మా? కాగితం మీద రాసివ్వు. రేపే స్టే తెస్తాను."

"నేను పంపేదాన్ని కాదండీ, నేను పరిశోధన చేసేదాన్ని."

"అయితే అది కూడా రాసివ్వు."

ఇంతలో ట్యూషన్ మాస్టారు తన పిల్లల్ని జంటలు జంటలుగా నడిపించుకొచ్చి వరస చివర నిలబెట్టారు. పౌరశాస్త్రంలో క్రమశిక్షణ అనే పాఠం నడుస్తోందట. కళ్ళారా చూస్తే బుర్రకెక్కుతుందట. ఆయన క్రమశిక్షణ అంటుండగానే ముందున్న ఇద్దరు తోసుకుని కాలవలో పడ్డారు. షామియానాల కొట్టాయన అంతకంటే చురుకు. అప్పుడే ప్లాస్టిక్ కుర్చీలు దింపించి, "కుర్చీ అద్దెకు తీసుకోండి బాబూ, హాయిగా కూర్చుని నిలబడండి!" అని అరుస్తున్నాడు.

డాక్టరమ్మ జనాన్ని తప్పించుకుంటూ లోపలికి దూరి నర్సు చేతులు పట్టుకుంది. "మీకు దణ్ణం పెడతాను, తాళం వేసేయండి."

"తాళమా!" నర్సు ఆ పరికరాన్ని గుండెలకు హత్తుకుంది. "ఇన్నాళ్ళకి నా కుర్చీకో విలువొచ్చింది. చచ్చినా కదలను."

ఆఖరికి ప్రొఫెసరుకే ఫోన్ చేసి, "సార్, ఇంకో రోజు పెట్టుకుందామా?" అంది. ఆయన ఆటోలో ఉన్నారు. "ఖాళీ గది చూడ్డానికి ఈరోజైతేనేం, రేపైతేనేం? వచ్చేశానమ్మా, మలుపులో ఉన్నా" అన్నారు.

మలుపులో! ఆమెకు ముచ్చెమటలు పోశాయి. ఆ చెమటల్లోనే ఒక ఉపాయం మెరిసింది. కుర్చీ ఒకటి లాక్కుని, దాని మీదికెక్కి, గొంతు చించుకుని అరిచింది. "పరీక్షలు ఇక్కడ కాదు! పెరటి వైపు! మొదట వెళ్ళినవాళ్ళకి మొదట!"

అరిచిందో లేదో, వరస వరసంతా దుమ్ము రేపుకుంటూ పక్కసందులోకి పరుగు తీసింది. కుర్చీలు నెత్తిన పెట్టుకుని కొట్టాయన, వాళ్ళ వెనక సెక్షన్లు వల్లిస్తూ వకీలు గారు, ఏడుస్తున్న ఇద్దర్ని ఈడ్చుకుంటూ మాస్టారు. క్షణంలో వాకిలి ఖాళీ! నర్సు ఒక్కతే మొహం వేలాడేసుకుని కూర్చుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. డాక్టరమ్మ చీర సర్దుకుని గుమ్మంలో నిలబడేసరికి ఆటో వచ్చి ఆగింది.

ప్రొఫెసరు గారు దిగారు. బొద్దుగా, ఎర్రగా, మెట్టు ఎక్కినందుకే ఆయాసపడుతూ లోపలికి వచ్చి కళ్ళజోడు సవరించుకున్నారు. గది నాలుగు మూలలా చూశారు.

"చూడండి సార్" అంది డాక్టరమ్మ. గొంతు పొద్దున అద్దం ముందు కుదిరినట్టే కుదిరింది. "ఒక్కరంటే ఒక్కరు లేరు!"

"నిజమేనమ్మోయ్" అన్నారాయన. "నేను నమ్మలేదు గానీ, నువ్వన్నది..."

ఆ మాట పూర్తి కాలేదు. పెరటి తలుపుకు గడియ ఉంది గానీ అది నలుగురు తోస్తే ఆగే గడియ కాదు. తోసినవాళ్ళేమో వీధి వీధంతా. తలుపు భళ్ళున తెరుచుకుంది. జనం గదిలోకి వెల్లువలా వచ్చిపడ్డారు. ఆ ఊపులో ప్రొఫెసరు గారు గిర్రున రెండు చుట్లు తిరిగి వరస మధ్యలో తేలారు.

"ఏంటమ్మా ఇది? ఎవరూ రారన్నావు!"

"ఏయ్ పెద్దాయనా, మధ్యలో దూరకూడదు" అన్నాడు సబ్బు నురగాయన.

"నేను ప్రొఫెసర్నయ్యా!"

"అయితే మాకేంటి? ఇక్కడందరం బీపీలమే!"

వకీలు గారు మధ్యలోకొచ్చి, వయసులో పెద్దవారికి ముందు అవకాశం ఇవ్వడం న్యాయమని తీర్పు చెప్పారు. అంతే, అందరూ కలిసి ఆయన్ని మోసుకెళ్ళినట్టు తీసుకెళ్ళి నర్సు ఎదురుగా కూలేశారు. ఆయన వద్దు వద్దంటుండగానే నర్సు చేతికి పట్టీ చుట్టేసింది. ఎన్నాళ్ళకో దొరికిన మొదటి చెయ్యి! మురిపెంగా గాలి కొట్టి, అంకె చూసి, నవ్వు మానేసింది. మళ్ళీ కొట్టి చూసింది. 

"ఎప్పుడు చూపించుకున్నారండీ ఇంతకుముందు?"

"ఎప్పుడూ లేదమ్మా."

"ఎందుకని?"

"నాకేం? బాగానే ఉంటానుగా" అన్నారాయన. నర్సు కళ్ళు తిప్పుకోలేదు. ఆయన గొంతు తగ్గింది. "తీరికుండదు. అయినా... చూపిస్తే లేనిపోనిదేదో బయటపడుతుంది. బయటపడితే మా ఆవిడ ఉప్పు మానిపిస్తుంది. ఎందుకొచ్చిన గొడవని..."

డాక్టరమ్మ చెవులు రిక్కించింది. ఈ మాటలన్నీ, ఉప్పుతో సహా, ఇదే వరసలో ఆమె మూడో అధ్యాయంలో ఉన్నాయి. నమ్మశక్యంగా లేవని వాటిని ఎర్రసిరాతో కొట్టేసింది ఈ పెద్దమనిషే. ఆ సంగతి ఆయనకూ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. ఆమె వైపు చూసి, చూపు దించుకున్నారు.

నర్సు ఇంకేం మొహమాటపడలేదు. ఇక్కణ్ణుంచి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళాలంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిరిగుంటే నడివీధిలో పడిపోయేవారంది. ఇందాక తోసుకున్న జనమే ఇప్పుడు దారిచ్చారు. టైలరు ఆటో పిలిచాడు. కొట్టాయన అద్దె మాటెత్తకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అత్తగారు మంచినీళ్ళు పట్టించి, నుదుట చెమట తన కొంగుతోనే తుడిచింది.

ఆటో ఎక్కుతుంటే డాక్టరమ్మ దగ్గరికెళ్ళి నిలబడింది. "సార్, జనం రారని చెప్పి ఇంత జనాన్ని చూపించాను. నా సబ్జెక్టు..."

"మార్చక్కర్లేదు" అన్నారాయన.

"కానీ ఇంతమంది వచ్చారుగా సార్!"

"వాళ్ళు రావడం కాదమ్మా, నేను రాకపోవడం చూడు. పాతికేళ్ళుగా ఆరోగ్యం మీద పాఠాలు చెబుతున్నవాణ్ణి" అని ఆయాసం తీర్చుకుని, "మూడో అధ్యాయంలో నేను కొట్టేసినవన్నీ మళ్ళీ రాసెయ్. కింద నన్ను కూడా కలుపు. పేరు వెయ్యకు, మా ఆవిడ చదువుతుంది" అన్నారు.

ఆటో కదిలింది. డాక్టరమ్మకు నడివీధిలో ఎగిరి గంతెయ్యాలనిపించింది. లోపల నర్సు వరసను కదిలిస్తూనే ఉంది. ఆ పూట వీధిలో చూపించుకోనివారు లేరనిపించింది. వకీలు గారికి కొంచెం ఎక్కువే వచ్చింది. తిరిగి విచారించాలని ఆయన రెండోసారి వరసలో నిలబడ్డారు.

అందరూ వెళ్ళిపోయాక కోడలు అత్తగారిని రెండు చేతులా పట్టుకుంది. "అత్తయ్యా, ఈరోజు మీవల్ల ఓ మనిషి ప్రాణం నిలబడింది, నా చదువూ నిలబడింది! ఇంతకీ మీ బీపీ ఎంతొచ్చింది?"

"నాదా?" అత్తగారు చెప్పులు వెతుక్కుంటూ అంది. "నేను చూపించుకుంటూ కూర్చుంటే మిగతావాళ్ళని పిలిచేదెవరే?"

రెండేళ్ళు గడప గడపకూ తిరిగినా ఈ కారణం డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె థీసిస్ గడువు ఇంకో ఏడాది పొడిగించమని మర్నాడే దరఖాస్తు పెట్టుకుంది.