నేలతాత నవ్వు ఆపని శనివారం

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు, లూగాంగ్ ఊళ్లో పాతబజారు వెనక సందులోని, నేలను కాచే నేలతాత గుడిలో దేవుడు నవ్వడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనాల దాకా ఆపలేదు.

ఆ రోజు పని చిన్నది. ఏటా నేలతాత పుట్టినరోజుకు ముందు సందులోని ఇళ్లవాళ్లు గుడిలో చేరి, రాబోయే ఏడాదికి ధూపపాత్ర పెద్ద ఎవరో తేల్చుకుంటారు. తేల్చేది దేవుడే. వెదురు దుంపతో చేసిన నెలవంక చెక్కలు రెండుంటాయి. ఒక్కోదానికి ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. మోకాళ్ల మీద కూర్చుని వాటిని నేల మీదికి వదలాలి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే దేవుడు సరే అన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ చదును పైకి చూపిస్తూ వెల్లకిలా పడితే నవ్వినట్టు. వరసగా ఎక్కువసార్లు సరే అనిపించుకున్నవాడే ఆ ఏడు పెద్ద. గుడి ధూపపాత్ర ఏడాది పాటు అతని ఇంట్లో ఉంటుంది.

ఇనుప సామాన్ల కొట్టు షి బింగ్-తాంగ్‌కు ఆ పాత్ర కావాలి. వాళ్ల నాన్న ఒక ఏడాది ధూపపాత్ర పెద్దగా ఉన్నాడు. బింగ్-తాంగ్ పెళ్లయిన ఏటి నుంచీ చెక్కలు వేస్తున్నాడు గానీ రెండో సరే దాటలేదు. ముందుగదిలో పాత్ర కోసం బల్ల కూడా చేయించాడు. దాని మీద భార్య మెయి-యున్ రైస్ కుక్కర్ పెట్టుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆ చెక్కలు తుడుస్తుండగా గుడి అధ్యక్షుడు వాన్-ఫు బొటనవేలిలో పేడు గుచ్చుకుంది. బింగ్-తాంగ్ వెంటనే చెయ్యి చాపాడు.

"ఇటివ్వు బాబాయ్. పొద్దున్నే నునుపు చేసి తెస్తా."

"చేత్తో రుద్దు. మిషను పెట్టకు."

"ఆ సంగతి నాకు చెప్తున్నావా? నా బతుకంతా అదేగా."

అది నిజమే. కొట్టు గోడకు ఆయన స్వయంగా రాసిన అట్ట ఉంది: "ముందు చెప్పండి. చెక్కా, ఇనుమా?" రుద్దే మిషనుకు బిగించే ఉప్పు కాగితం బిళ్లల్లో, చెక్కకు తెల్లపూత డిస్కు ఇస్తాడు, దానికి పొట్టు పట్టదు. ఇనుముకు గోధుమరంగు డిస్కు ఇస్తాడు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుందని కొత్తవాళ్లకు చెప్తాడు. చదునుగా ఉండాల్సిన వస్తువును స్పాంజి దిండు ఉన్న మిషనుతో రుద్దకూడదని, దిండు లోపలికి నొక్కుకుని అంచులు తినేస్తుందని చెప్తాడు. గాజుపలక మీద ఉప్పు కాగితం పరిచి, వస్తువును దాని మీద చేత్తో రుద్దమంటాడు.

శనివారం ఏడింటికి కొట్టు తెరిచి, తీరిగ్గా ఆ పని చేద్దామనుకున్నాడు. తెరవగానే ఒక వడ్రంగి వచ్చాడు. బింగ్-తాంగ్ తెల్ల డిస్కుల గొప్పతనం వివరించాడు. వడ్రంగి బాగా నమ్మాడు. సన్నరకం తెల్ల డిస్కులతో పాటు గరుకు కాగితాల కట్టలు కూడా కొనుక్కుని, ఇంకా సందేహాలు అడిగి, ఎనిమిదిన్నరకు వెళ్లాడు.

అరలో మిగిలినవి ఎనభై నంబరు గోధుమరంగు డిస్కులు. గేట్ల మీది వెల్డింగ్ గుర్తులు గీకేవి. బల్ల మీద మిషను ఉంది. దానికి ముందురోజు మోటారుసైకిల్ ట్యాంకు కోసం బిగించిన స్పాంజి దిండు అలాగే ఉంది. మెల్లగా ఆనిస్తే చాలనుకున్నాడు బింగ్-తాంగ్. ఆనించాడు. పేళ్లు పోయాయి. తేయాకు గింజల నూనె రాశాడు. చెక్కలు మెరిశాయి. ఆ మెరుపులో చదును ముఖాలు రెండూ ఆవిరి బన్నుల్లా ఉబ్బిన సంగతి ఆయన చూడలేదు. అలాంటి ముఖం నేలకు తగిలితే నిలవదు, దొర్లి వెల్లకిలా పడుతుంది.

గుడిలో మొదట వేసింది సందు మొదటి ఇంటివాళ్లు. దేవుడు నవ్వాడు. రెండో ఇంటికీ నవ్వాడు.

"తాత ఇవాళ హుషారుగా ఉన్నాడు," అన్నాడు వాన్-ఫు.

ఆరో ఇంటికి వచ్చేసరికి ఆ మాట అనేవాళ్లు లేరు.

"మనల్ని చూసే నవ్వుతున్నాడు," అంది చేప ఉండలు అమ్మే లియెన్ పిన్ని. "పోయినేడు తాత పుట్టినరోజుకు బొమ్మలాట మానేసి తెరకట్టి సినిమా వేశారు. తాత ఆ సినిమా చూశాడు కదా మరి."

"అడిగితే పోలే," అన్నాడు వాన్-ఫు. చెక్కలు పట్టుకున్నాడు. "తాతా, సినిమా గురించేనా?"

నవ్వాడు.

"కోడి సంగతేమో," అన్నాడు నూడుల్స్ బండి అ-తు. "ఆ నైవేద్యం పళ్లెంలో కోడి ఎవరిదో గానీ, సూపర్‌మార్కెట్ చీటీ కాలికే ఉంది."

లియెన్ పిన్ని మొహం తిప్పుకుంది. కోడిని మార్చారు. దేవుడు నవ్వాడు.

"కోడిదాకా ఎందుకు," అంది పిన్ని. "గుడి గ్యాసు పొయ్యి ఎవరి బండి మీద మండుతోందో తాతకు తెలీదా?"

"అరువు తెచ్చుకున్నా."

"ఎవర్నడిగి?"

"తాతనే అడిగా. సరే అన్నాడు."

"అప్పుడు పక్కన ఎవరున్నారు?"

అ-తు వెళ్లి పొయ్యి మోసుకొచ్చాడు. అది ఇంకా వేడిగా ఉంది. దేవుడు నవ్వాడు.

ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే ఒకాయన గుడి గొడుగు తెచ్చిచ్చాడు. ఇంకొకావిడ, నైవేద్యం వేరుశనగ పాకం ముక్కలు దారిలో రెండు తిన్నానని ఒప్పుకుంది. దేవుడు అన్నింటికీ నవ్వాడు. చెక్కల మీద ఎవరికీ అనుమానం రాలేదు. అవి దేవుడి నోరు. చివరికి వేరే జత తెద్దామని ఎవరో అన్నారు. దానికి దేవుడి అనుమతి కావాలి. అనుమతి ఈ చెక్కలతోనే అడగాలి. అడిగారు. నవ్వాడు.

బింగ్-తాంగ్ వంతు ఇంకా రాలేదు. ఆయన నేల మీదికి వంగి, చెక్కను పక్కనుంచి చూశాడు. లేచి భార్య పక్కకు వెళ్లాడు.

"తాత కాదు. నేనే," అన్నాడు మెల్లగా.

మెయి-యున్ చెక్కల వైపు చూసింది. "ఏ డిస్కు వేశావు?"

"ఎనభై."

"అది వెదురా, గేటా?"

"తెల్లవి అయిపోయాయి."

"అమ్మిందెవరు?"

 వాన్-ఫు భోజనాల విరామం ప్రకటించాడు. చెక్కలకు నూనె జిడ్డు ఎక్కువైంది, తుడిచి తెస్తానని బింగ్-తాంగ్ వాటిని జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు.

ఈసారి పద్ధతిగా చేశాడు. మూల వెతికి దొరికిన కాగితాన్ని గాజుపలక మీద పరిచి, మొదటి చెక్కను చేత్తో రుద్దాడు. ఉబ్బిన ముఖం చదును కావడానికి సగం మందం పోయింది. వదిలి చూశాడు. బోర్లా పడింది. మళ్లీ వదిలాడు. మళ్లీ బోర్లానే. పలచబడిన చెక్క, ముఖం నేలకు అంటగానే కదలడం మానేసింది. రెండోది చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే స్కూటరు ఆగింది.

"అన్నాలయిపోయాయి. జనం లేస్తున్నారు. ఇటివ్వు," అన్నాడు వాన్-ఫు.

"ఒక్క నిమిషం బాబాయ్, ఇదొక్కటి..."

"మెరుస్తోందిగా," అని వాన్-ఫు రెండూ పట్టుకుపోయాడు.

గుడి చేరేసరికి వంతు బింగ్-తాంగ్‌దే. మోకాళ్ల మీద కూర్చుని వదిలాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. ఉదయం నుంచి దేవుడు అన్న మొదటి సరే అది. జనం లేచి నిలబడ్డారు. రెండోది సరే. మూడోది సరే. ఆయన ఎన్నడూ దాటని చోటు దాటాడు. ఏడోదానికి లియెన్ పిన్ని చేతులు జోడించింది.

సరే తప్పేదాకా వేస్తూనే ఉండాలని నియమం. బింగ్-తాంగ్ ఎత్తు నుంచి వదిలాడు. పక్కకు విసిరాడు. స్తంభానికి కొట్టాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. వాన్-ఫు కళ్లు తుడుచుకున్నాడు.

"మీ నాన్నకి కూడా ఇన్ని పడలేదురా."

బింగ్-తాంగ్ చెయ్యి ఆగింది. తండ్రి ఫోటో అదే గోడ మీద, పాత పెద్దల వరసలో ఉంది.  బింగ్-తాంగ్ చెక్కలు నేల మీద పెట్టాడు.

"ఇది తాత కాదు. పొద్దున ఇనుము గీకే డిస్కుతో చెక్కలు పాడుచేశాను. నవ్వుకి కారణం అదే. మధ్యాహ్నం ఒక చెక్కను సరిచేయబోయి ఇంకోలా పాడుచేశాను. ఇప్పుడు ఎవరు వేసినా ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లానే పడతాయి. నన్ను వదిలేయండి."

  వాన్-ఫు పేడు గుచ్చుకున్న చేత్తోనే చెక్కలు తీసుకున్నాడు.

"తాతా, వీడు చెప్పేది నిజమేనా?"

సరే.

"నిజమే అంటున్నాడు," అన్నాడు వాన్-ఫు. మళ్లీ వదిలాడు. "అయినా పెద్ద వీడేనా?"

సరే.

"వీడు చేసే కొత్త చెక్కలు ఒప్పుకుంటావా?"

సరే.

"నేనోసారి అడుగుతా," అని అ-తు ముందుకొచ్చాడు. "ఈసారి సినిమా వద్దు. బొమ్మలాట మూడు రోజులు పెద్దే తన ఖర్చుతో ఆడించాలా?"

సరే.

"పెద్ద ఇచ్చే విందులో పీతలు?" అంది లియెన్ పిన్ని, అ-తు చేతిలోంచి చెక్కలు లాక్కుని.

సరే.

"ఆ చెక్కలు తప్పని ఇప్పుడే చెప్పాను కదా," అన్నాడు బింగ్-తాంగ్.

"తప్పని తాతే ఒప్పుకున్నాడుగా," అన్నాడు వాన్-ఫు. "తాత మాట మీద నమ్మకం లేకపోతే పెద్దరికం ఎలా చేస్తావు?"

మెయి-యున్ లేచి వచ్చింది. పిన్ని దగ్గర చెక్కలు అడిగి తీసుకుంది. మోకాళ్ల మీద కూర్చుంది.

"తాతా, నీ కోసం బల్ల మీద రైస్ కుక్కర్ తీసేస్తాను. దాన్ని ఏడాదంతా మా ఆయనకే అప్పగించేదా? అన్నం ఆయనే వండి, వచ్చినవాళ్లకి ఆయనే వడ్డించి, అంట్లు కూడా ఆయనే కడగాలా?"

ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడ్డాయి.