ఇంటికో జాబ్, ఐజాజ్‌కో ఫ్లెక్సీ

ఉగాది నాటికి ఈ ప్రాంతంలో నిరుద్యోగి అనేవాడు మచ్చుకైనా కనపడకూడదని ఉపాధి సమృద్ధి మండలి చైర్మన్ వెంకట్రామయ్య గారు గురజాల సెంటర్లో లారీ మీద నిలబడి ప్రకటించారు. కనపడితే మీసం తీయించుకుంటానని కూడా అన్నారు. ఆయనకు మీసం లేదు. అయినా పెద్దమనిషి అంత మాట అన్నాక జనం చప్పట్లు కొట్టకుండా ఎట్లా ఉంటారు, కొట్టారు.

అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఐజాజ్. అతను ఇంగ్లీషులో ఎమ్మే. కిందటేడు దాకా డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. ఏడాది తిరిగేసరికి గెస్టును వెళ్ళిపొమ్మన్నారు. ఆ పోస్టు మళ్ళీ ఖాళీ అయిందని, చైర్మన్ గారు ఒక్క ఫోన్ కొడితే చాలని ప్రిన్సిపాల్ సుభాషిణి మేడమ్ అతని చెవిలో వేశారు. ఆ ఒక్క ఫోన్ కోసం ఐజాజ్ ఎన్నాళ్ళుగానో చైర్మన్ గారి ఆఫీసు మెట్ల మీదే ఉంటున్నాడు. ఇంట్లో తల్లి షకీలా జాకెట్లు కుట్టి సంసారం లాగుతోంది. ఆమె కళ్ళకు శుక్లాలు కమ్మాయి. పొద్దున్నే ఐజాజ్ సూదుల్లో దారం ఎక్కించి వరసగా గుచ్చి పెట్టి వస్తే తప్ప ఆ పూట పని సాగదు. నరసరావుపేట తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలి, దానికి ముందు అతనికో జీతం రావాలి. ఇదీ ఐజాజ్ చప్పట్ల వెనక సంగతి.

ప్రకటన అయితే బ్రహ్మాండంగా ఉంది. ఒక్కటే ఇబ్బంది, జాబులు లేవు. దాచేపల్లి వైపు ఫ్యాక్టరీల్లో అడిగి ఇప్పించగలిగినవన్నీ చైర్మన్ గారి బావమరుదులకే చాలలేదు. అయ్యగారు అన్నం సరిగ్గా తినడం మానేశారని పీఏ మరియదాసు దిగులుపడి, ఇంగ్లీషు తెలిసినవాడు మెట్ల మీద ఊరికే కూచుని ఉన్నాడు కదా అని ఐజాజ్‌ను లోపలికి పిలిచాడు.

"జాబ్ అంటే అసలు ఏందయ్యా?" అన్నారు చైర్మన్ గారు.

"ఒకరు ఇచ్చేది సార్. ఆర్డరు ఉండాలి, జీతం ఉండాలి, పైన ఒక ఆఫీసరు ఉండాలి."

"మూడూ కావాలా?"

"కావాలి సార్."

చైర్మన్ గారి ముఖం వాడిపోయింది. "ఇంకో మాట లేదా? ఇంగ్లీషు చానా పెద్ద భాష అంటారుగా."

అంతే, ఐజాజ్‌లో నిద్రపోతున్న లెక్చరర్ లేచి కూచున్నాడు. కాలేజీలో పిల్లలెవరూ ఏనాడూ అడగని ప్రశ్న అది. వర్క్ అంటే ఏదైనా పని, దాన్ని ఎవరూ ఇవ్వనక్కర్లేదు, మన గోడకు మనం సున్నం కొట్టుకున్నా వర్కే అన్నాడు. ఆక్యుపేషన్ అంటే మనిషి పొద్దును నింపేది అన్నాడు. ప్రొఫెషన్ అంటే నేర్చిన విద్య. కెరీర్ అంటే ముందు ముందు సాగబోయే దారి. ఇక వొకేషన్ దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు మెత్తబడింది.

"అది అన్నిటికంటే గొప్పది సార్. మనసు పిలిస్తే చేసేది. జీతం రాకపోయినా మానలేం."

చైర్మన్ గారు లేచి, శాలువా తెప్పించి ఐజాజ్‌కు కప్పారు. బయట మాడు పగిలే ఎండ. అయినా కప్పారు. ఇన్ని మాటలు ఉంచుకుని ఇన్నాళ్ళూ ఆ ఒక్క జాబ్ అన్నదాని కోసం ప్రభుత్వాలన్నీ ఎందుకు కొట్టుకు చస్తున్నాయో తనకు అర్థం కావడం లేదన్నారు. కాలేజీకి ఫోన్ సంగతి ఐజాజ్ కదిపితే, "ఉగాది కానీయ్, నీకు కాకపోతే ఎవరికి?" అన్నారు.

మర్నాటి నుంచీ నియామకాలు జోరందుకున్నాయి. పొద్దస్తమానం లారీల నీడన పేకాడే పుల్లయ్యకు ఆక్యుపేషన్ వచ్చింది. జీతం ఎవరిస్తారని అతను అమాయకంగా అడిగాడు. జీతం జాబ్‌లో ఉంటుందని, అతనికి వచ్చింది అంతకంటే విశాలమైనదని మరియదాసు ఓపిగ్గా చెప్పాడు. "పొద్దు పోతోందా లేదా?" అని అడిగితే పుల్లయ్య పోతోందని ఒప్పుకున్నాడు. చైర్మన్ గారి ఊరేగింపు కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు పంక్చర్ షాపు పోగొట్టుకున్న సర్దార్‌కు ప్రొఫెషన్ ఇచ్చారు. షాపు కూలిస్తే కూలింది, చేతిలో విద్యను బుల్డోజర్ ఏం చేయగలదు? డీఎస్సీ కోసం గడ్డం పెంచి చదువుతున్న ముర్తుజాకు కెరీర్ ఇచ్చారు. అది ఎప్పుడు మొదలవుతుందని అతను అడగలేదు, చదువుకున్నవాడు కాబట్టి.

ఒక్కొక్కరికి ఒక్కో ఫ్లెక్సీ కట్టారు, ఎవరికి ఏ మాటో రాసిచ్చే పనంతా ఐజాజ్‌దే. ఈ ఫ్లెక్సీల సంగతి కొత్తవారికి కాస్త చెప్పాలి. మా వైపు నాయకుడి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ ఒకసారి స్తంభమెక్కితే దానికదే చీలికలై రాలిపోవాలి తప్ప మనిషన్నవాడు చెయ్యి వేయడు. గేదె కొమ్ము తగిలి ఫ్లెక్సీ చిరిగితే, ఆ గేదె ఏ పార్టీ వాళ్ళదని రెండు వీధులు కర్రలు పట్టుకున్న గడ్డ ఇది. కాబట్టి ఫ్లెక్సీ మీద ఏది రాస్తే అదే నిజం. తహసీల్దారు సంతకం కూడా దాని తర్వాతే.

ఉగాది వచ్చింది. నిరుద్యోగి ఒక్కడూ మిగల్లేదని లెక్క తేలింది. ఐజాజ్ కొత్త చొక్కా తొడుక్కుని ఆఫీసుకు బయల్దేరితే, కాలేజీ గేటు ఎదురుగా నిలువెత్తున తానే నవ్వుతూ కనపడ్డాడు. పక్కన చైర్మన్ గారు, మెడలో గజమాల. కింద పెద్ద అక్షరాలతో 'వొకేషన్ పొందిన ఐజాజ్ గారికి శుభాకాంక్షలు'.

పరిగెత్తుకుంటూ వెళ్ళి ఫోన్ సంగతి అడిగాడు. చైర్మన్ గారు నొచ్చుకున్నారు.

"గొప్పది అన్నది నువ్వే కదయ్యా. ఇన్ని నెలలు మాకు పని చేశావు, జీతం అడిగావా? మానగలిగావా?"

నిజమే, అడగలేదు, మానలేదు. అక్కడినుంచి కాలేజీకి వెళ్ళాడు. సుభాషిణి మేడమ్ మంచి మనిషి, మంచినీళ్ళు ఇప్పించి మరీ బాధపడ్డారు. గెస్ట్ పోస్టు ఖాళీగా ఉన్నవాళ్ళకే ఇవ్వాలట. కిటికీ తెరిస్తే ఐజాజ్ ఫ్లెక్సీ ఎదురుగా నవ్వుతుంటే, ఇతను ఖాళీగా ఉన్నాడని ఫైలు మీద రాసే ధైర్యం తనకు లేదన్నారు.

ఐజాజ్‌కు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. రెండూ దిగమింగి మిర్చి కోతల మేస్త్రీ అంజమ్మ దగ్గరికి వెళ్ళి కూలికి వస్తానన్నాడు. చిన్నప్పటినుంచీ ఎరిగిన పిల్లవాడని ఆమె జాలిపడింది కానీ కూలీల ఆటో ఎక్కనివ్వలేదు.

"నీ పక్కన ఆయన బొమ్మ ఉంది నాయనా. ఫ్లెక్సీలో మనిషిని కాయ కోతకి తోలుకుపోతే, ఆయన్ని అవమానం చేశానని నా మీదకి రారూ? ఊళ్ళో బతకాలి కదా నేను."

ఇట్లా ఐజాజ్ ఏ పనికీ పనికిరానంత ఉద్యోగస్థుడు అయ్యాడు. షకీలాకు ఫ్లెక్సీ కనపడదు, శుక్లాలు కదా. వీధిలో వాళ్ళు చదివి చెప్పగా సంతోషపడి, జీతం ఒకటో తారీఖున ఇస్తారా అని అడిగింది. అతను సూదిలో దారం ఎక్కించాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. కారంపూడి రోడ్డు పక్కన చైర్మన్ గారి సొంత కల్లంలో మిర్చి కొండలా పోసి ఉంది. టార్పాలిన్లు ఏ షాపులోనూ దొరకలేదు, అప్పటికే రైతులందరూ ఎగబడి కొనుక్కుపోయారు. కాయ తడిస్తే రంగు పోయి తాలు కాయ ధరకే పోతుంది. చైర్మన్ గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఫ్లెక్సీలు దించమన్నారు. దించమనగలిగినవాడు ఆయనొక్కడే కదా.

ఐజాజ్ ఇంటి అరుగు మీద నుంచి చూస్తుండగా ట్రాక్టరు ట్రక్కులో తాను మడతపడి వెళ్ళిపోయాడు. ప్రాణం లేచి వచ్చి వెనకే పరిగెత్తాడు. కల్లంలో అంజమ్మ ముఠా తలా ఒక అంచు లాగుతోంది. పుల్లయ్య ఆక్యుపేషన్, సర్దార్ ప్రొఫెషన్, ముర్తుజా కెరీర్ అన్నీ కాయల మీద పరుచుకుని ఉన్నాయి.

"నాది దించేశారు పిన్నీ," అన్నాడు రొప్పుతూ.

ఆమె నమ్మకం కోసం రోడ్డవతల కాలేజీ గేటు వైపు చూసింది. స్తంభం బోడిగా ఉంది. "అయితే ఆ కొస పట్టుకో," అంది.

వాన వెలిసేదాకా ఐజాజ్ తన ముఖాన్ని తనే రెండు చేతులా లాగి పట్టుకున్నాడు. కాయ తడవలేదు. సాయంత్రం అంజమ్మ అందరితో పాటు అతనికీ కూలి చేతిలో పెట్టింది. తడి నోట్లు. ఏడాదిలో అతని చేతికి వచ్చిన మొదటి సంపాదన. రేపటినుంచి ఆరబోసిన కాయ తిరగబోయాలని, సీజన్ అయ్యేదాకా పని ఉందని, తెల్లారి ఆటో దగ్గరికి రమ్మని చెప్పింది. ఇంటికి వెళ్ళి ఆ నోట్లు తల్లి అరచేతిలో పెడితే ఆమె వేళ్ళతో తడిమి తడిమి చూసింది. "పేట ఎప్పుడు పోదాం బేటా?" అంది. ఈ సీజన్ కానీ అమ్మీ, పోదాం అన్నాడు.

తెల్లారి అందరికంటే ముందు ఆటో దగ్గర నిలబడ్డాడు. అంజమ్మ వచ్చింది కానీ అతని కళ్ళలోకి చూడలేకపోయింది.

నిన్న అతను కొస పట్టుకుని ఉండగా మరియదాసు ఫోటో తీశాడట. చైర్మన్ గారు అది చూసి పొంగిపోయారట. పట్టుకోమని అంజమ్మ చెప్పింది కాబట్టి ఆర్డరు ఉంది, కూలి ఇచ్చింది కాబట్టి జీతం ఉంది, ఆమె మేస్త్రీ కాబట్టి పైన ఆఫీసరూ ఉంది. మూడూ కుదిరాయి. రాత్రికి రాత్రే పక్కన తన బొమ్మతో కొత్త ఫ్లెక్సీ ప్రింటు వేయించి, కాలేజీ గేటు దగ్గర అదే స్తంభానికి కట్టిస్తున్నారట, ఈసారి ఇనప ఫ్రేముతో.

కూలీలు ఎక్కారు. ఆటో స్టార్టయింది.

"ఈసారి ఏం రాశారు పిన్నీ?"

"జాబ్ అంట నాయనా," అంది అంజమ్మ.