పదిహేనో కిలోమీటరు కుట్ర

“నేరం చేసి నా కళ్ళు గప్పగలవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు బామ్మర్దీ! పుట్టినా, వాడికి పళ్ళొచ్చేలోపు పట్టేస్తాను!”

కొండదారి పక్కన మైలురాయి మీద కూర్చుని మా బావ ఈ ప్రకటన చేసినప్పుడు ఆయన ముక్కు నిండా గ్రీజు. ఎదురుగా ఆయన ఇరవయ్యారేళ్ళ మోటారు సైకిలు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంది.

బావ లైబ్రరీలో గుమాస్తా. వచ్చిన ప్రతి డిటెక్టివ్ నవలా ముందు తను చదివేసి, ఆ తర్వాతే ముద్ర వేస్తాడు. బండికి కొత్త పార్టు కొనాలంటే మాత్రం ఆయనకి ప్రాణం మీదికొస్తుంది. హ్యాండిలు ఒక బండిది, సైలెన్సరు ఇంకో బండిది, సీటు కవరు అక్క పాత రెయిన్‌కోటుది. అలాంటి బండి మీద కొండమీది చెరువు దాకా యాత్ర పెట్టుకున్నాడు. అక్క పొద్దున్నే బస్సెక్కి ముందే వెళ్ళిపోయింది. వెళ్తూ ఒకటే మాట అంది. “మధ్యాహ్నం లోపు అది తన చక్రాల మీద తను పైకొస్తే సరే. లారీలో వచ్చిందో, అట్నుంచటే పాత ఇనుము కొట్టుకి!”

బండి సరిగ్గా పదిహేను కిలోమీటర్లు పోతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. పావుగంట పోయాక కిక్కు కొడితే లేస్తుంది. ఇది మూడోసారి.

“ప్లగ్గు మార్చి చూద్దామా బావా?”

“ప్లగ్గు కాదురా, ప్లాను! ఆగిన ప్రతిసారీ ఎర్ర హెల్మెట్టువాడొకడు మనల్ని దాటిపోతున్నాడు, గమనించావా?”

గమనించాను. స్కూటరు వెనక కోడిగుడ్ల అట్టలు కట్టుకుని, దారిలో ప్రతి కొట్టు దగ్గరా ఆగుతున్నాడాయన. అదే చెప్పాను.

“గుడ్లని గుడ్డిగా నమ్మేశావన్నమాట!”

అంతలో ఆ మనిషి రానే వచ్చాడు. బావ రోడ్డుకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

“ఎవరు పంపారు నిన్ను?”

“హోల్‌సేలాయనండీ.”

“ముఠా నాయకుడు! ఈ పెట్రోల్లో పంచదార ఎప్పుడు కలిపావు?”

“నేను గుడ్లేస్తానండీ. పంచదార మా తోడల్లుడు వేస్తాడు.”

“రెండో ముద్దాయి!” అని గర్జించి, సాక్ష్యం చూపిస్తానంటూ బావ ట్యాంకు మూత తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. “విన్నావా? నేరం నిట్టూర్చింది!” అంటూ మూత పైకెత్తి ఊపాడు. గ్రీజు చేతిలోంచి అది జారి, రోడ్డు మీద దొర్లి, లోయలో పడింది. ముగ్గురం అంచుదాకా వెళ్ళి చూశాం. టంగు టంగుమని చాలాసేపు వినిపించింది.

బావ ముఖం వాడిపోయింది. “మీ అక్క నిజంగానే అమ్మేస్తుందిరా,” అన్నాడు మామూలు మనిషిలా. పన్నెండేళ్ళుగా ఆయన ఆదివారాలన్నీ ఆ బండి కిందే గడిచాయి.

గుడ్లాయనకీ జాలేసింది. తన తువ్వాలు మడిచి ట్యాంకు నోటికి కట్టాడు. “నెమ్మదిగా పోండి బాబూ, వెనకే వస్తాను.”

బండి లేచింది. పదిహేను దాటింది. ఇరవై, ముప్ఫై కూడా దాటింది. ఒక్క దగ్గు లేదు!

చెరువు దగ్గర అక్క, ఆమె పక్కనే పంక్చర్లు వేసే మెకానిక్కు. మూత సంగతి విని అతను పడీపడీ నవ్వాడు. “మూతకి గాలాడే కన్నం ఉంటుంది సార్. అది పూడుకుపోయుంటుంది. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు ఇంజన్లోకి దిగదు. పారేసి మంచి పని చేశారు!”

“పారేశానా? ముద్దాయికి శిక్ష వేశాను!” అన్నాడు బావ ఛాతీ విరుచుకుని.

మెకానిక్కు పాత మూత ఒకటి వెతికి, కన్నం శుభ్రం చేసి బిగించాడు. అక్క బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత పర్సులోంచి తన తిరుగు బస్సు టికెట్టు తీసి నా చేతిలో పెట్టింది. “నువ్వు బస్సులో రారా. నేను దీనిమీద వస్తాను.”

కొండ దిగేటప్పుడు బస్సు కిటికీలోంచి చూశాను. మలుపులో మా బస్సుని దాటిపోతూ బావ ఒక చేయి గాల్లో తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. వెనక నుంచి అక్క ఆయన వీపు మీద ఒక్కటి వేసింది. రెండు చేతులూ హ్యాండిలు మీదికొచ్చాయి.

ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.